బొమ్మ ఒక దేశానిది, సైట్ ఇంకో దేశానిది: దావా ఎక్కడ వేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు గీసిన బొమ్మల్ని ఒక సైట్ అడగకుండా ఎత్తుకుపోయి, పోస్టర్లుగా అచ్చువేసి అమ్ముతోంది. యజమాని ఒక దేశంలో ఉన్నాడు, సర్వర్ మరో దేశంలో ఉంది, కొనేవాళ్ళు ఇంకా ఎన్నో దేశాల్లో ఉన్నారు. "బొమ్మలు నా దేశంలో గీశాను కాబట్టి నా దేశపు చట్టమే వర్తించాలి, నా దేశపు కోర్టే విచారించాలి, అంతే కదా?" అని అడిగారు.

అంతే కాదండి. ఇక్కడ మూడు వేరువేరు ప్రశ్నలున్నాయి. కేసు వినే అధికారం ఏ కోర్టుకు ఉంది? ఆ కోర్టు ఏ దేశపు చట్టం ప్రకారం తీర్పు చెబుతుంది? తీర్పు వచ్చాక డబ్బు ఎక్కడ వసూలవుతుంది? చాలామంది మొదటి రెంటి దగ్గరే తలలు బద్దలుకొట్టుకుంటారు, మూడోది తీర్పు చేతికి వచ్చాక గాని గుర్తుకు రాదు. ఇన్నేళ్ళుగా ఈ పనిలో ఉండి నేను గట్టిగా నమ్మేది ఒకటే: మూడో ప్రశ్నకు జవాబు తెలుసుకున్నాకే మొదటి ప్రశ్నకు రావాలి. ఎందుకో చెబుతాను, కానీ ముందు చట్టం సంగతి చూద్దాం, ఎక్కువ అపోహలు అక్కడే ఉన్నాయి.

ప్రపంచమంతటా చెల్లే ఒకే కాపీరైట్ అంటూ ఏదీ లేదు. 1886 నాటి బెర్న్ ఒప్పందం వల్ల అలాంటిది ఉన్నట్టు అనిపిస్తుంది. ఆ ఒప్పందం చేసిందల్లా సభ్యదేశాలన్నిటి చేతా రెండు మాటలు ఒప్పించడం. ఒకటి, వేరే సభ్యదేశపు రచయితకు కూడా సొంత పౌరుడికి ఇచ్చే రక్షణే ఇవ్వాలి. రెండు, ఆ రక్షణకు రిజిస్ట్రేషన్ లాంటి షరతు పెట్టకూడదు. ఐదో అధికరణం ఇంకో మాట కూడా చెబుతుంది. రక్షణ ఎంతవరకు, పరిహారం ఏ మార్గంలో అన్నది "రక్షణ ఎక్కడ కోరుతున్నారో" ఆ దేశపు చట్టమే తేలుస్తుంది. మీ ప్రశ్నకు సగం జవాబు ఈ వాక్యంలోనే ఉంది. బొమ్మ ఎక్కడ పుట్టిందన్నది కాదు, దాన్ని ఏ దేశంలో కాపాడమని అడుగుతున్నారన్నదే లెక్క. ఇప్పుడు ఈ ఒప్పందంలో 180కి పైగా దేశాలున్నాయి. అంటే మీ ఒక్కో బొమ్మ మీద మీకు 180కి పైగా విడివిడి హక్కులున్నాయన్నమాట. ఫ్రాన్సులో జరిగిన అమ్మకానికి ఫ్రెంచి చట్టం, జపాన్‌లో జరిగిన దానికి జపాన్ చట్టం.

ఐరోపా సమాఖ్య దీన్ని ఇంకా బిగించింది. 2009 నుంచి అమల్లో ఉన్న రోమ్-2 నిబంధనావళి ఎనిమిదో అధికరణం ప్రకారం కాపీరైట్ లాంటి మేధోహక్కుల ఉల్లంఘనకు రక్షణ కోరిన దేశపు చట్టమే వర్తిస్తుంది. ఉభయపక్షాలూ కలిసి "మాకు ఫలానా దేశపు చట్టం చాలు" అని రాసుకున్నా చెల్లదు. మామూలు ప్రమాదాలకూ నష్టాలకూ ఇచ్చిన ఆ వెసులుబాటును ఇక్కడ కావాలనే తీసేశారు.

హక్కులు ఇలా విడివిడిగా ఉండటం వల్ల ఏమవుతుందో చెప్పడానికి ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వ్యవహారాన్ని మించిన ఉదాహరణ నాకు తెలియదు. అది అమెరికాలోని లాభాపేక్ష లేని సంస్థ, కాపీరైట్ తీరిపోయిన పుస్తకాలను ఉచితంగా అందిస్తుంది. అందులో థామస్ మన్, హైన్రిఖ్ మన్, ఆల్‌ఫ్రెడ్ డ్యోబ్లిన్ రాసిన 18 పుస్తకాలుండేవి. పాత పుస్తకాలకు అమెరికా ప్రచురణ తేదీ నుంచి లెక్కపెడుతుంది కాబట్టి అక్కడ వాటి గడువు అయిపోయింది. జర్మనీలో రచయిత పోయాక 70 ఏళ్ళు. థామస్ మన్ 1955లో పోయారు, అంటే 2025 చివరిదాకా హక్కు ఉన్నట్టే. ఎస్. ఫిషర్ అనే జర్మన్ ప్రచురణ సంస్థ ఫ్రాంక్‌ఫర్ట్‌లో దావా వేసింది. "మాకు జర్మనీలో ఆఫీసు లేదు, సర్వర్ లేదు, మా చట్టం ప్రకారం తప్పేమీ చేయలేదు" అని సంస్థ వాదించింది. 2018లో కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. పుస్తకాలు జర్మన్ భాషలో ఉన్నాయి, సైట్‌లో కొంత భాగం జర్మన్‌లో ఉంది, జర్మనీలో దించుకోవచ్చు కాబట్టి తనకు పరిధి, అంటే కేసు వినే అధికారం, ఉందనీ, జర్మన్ చట్టం ప్రకారం ఇది ఉల్లంఘనేననీ చెప్పింది. దాంతో గుటెన్‌బర్గ్ వాళ్ళు ఆ 18 పుస్తకాలనే కాక మొత్తం సైట్‌నే జర్మనీ పాఠకులకు మూసేశారు. 2021లో రాజీ కుదిరాక మళ్ళీ తెరిచారు. మూడేళ్ళపాటు ఒక దేశపు పాఠకులందరికీ తలుపు మూసుకుపోవడం ఇప్పుడు తలుచుకున్నా బాధగానే ఉంటుంది. కానీ చట్టపరంగా ఆ తీర్పులో వింతేమీ లేదు.

గడువు ఒక్కటే కాదు, అనుమతి లేకుండా వాడుకోనిచ్చే మినహాయింపులూ మారతాయి. అమెరికా 'ఫెయిర్ యూజ్' సాగదీయడానికి వీలున్న సూత్రం. ఐరోపాలో మినహాయింపులు పేరుపేరునా రాసి ఉంటాయి, జాబితాలో లేకపోతే లేనట్టే. మీ ప్రతివాది "ఇది పేరడీ" అనో "వ్యాఖ్య కోసం వాడుకున్నాను" అనో అంటే, ఆ వాదన నిలుస్తుందా లేదా అన్నది దేశాన్నిబట్టి మారుతుంది. బొమ్మను పోస్టరుగా అచ్చువేసి అమ్మడం మాత్రం ఎక్కడ చూసినా ఉల్లంఘన కిందికే వస్తుంది, కాబట్టి మీ విషయంలో ఇది పెద్ద చిక్కు కాదు.

అసలు యజమాని ఎవరన్న ప్రశ్నకు ఏ చట్టం చూస్తారన్నది వేరే మెలిక. ఒక రష్యన్ వార్తాసంస్థ, న్యూయార్క్‌లో వెలువడే ఒక రష్యన్ పత్రిక మధ్య నడిచిన కేసులో 1998లో అమెరికా అప్పీలు కోర్టు ఒక దారి చూపింది. వార్తలు ఎవరి సొత్తో రష్యా చట్టం చెబుతుంది, అవి అమెరికాలో కాపీ అయ్యాయి కాబట్టి ఉల్లంఘన సంగతి అమెరికా చట్టం చూస్తుంది అంది. ఒకే కేసులో రెండు దేశాల చట్టాలన్నమాట. ఫ్రాన్స్ ఇంకో దారిలో నడిచింది. 1950 నాటి ఒక నలుపు-తెలుపు అమెరికన్ సినిమాకు రంగులద్ది టీవీలో వేయబోతే, దర్శకుడి వారసులు ఫ్రాన్సులో అడ్డుకున్నారు. అమెరికా చట్టం ప్రకారం హక్కులన్నీ నిర్మాణసంస్థవే. 1991లో ఫ్రెంచి అత్యున్నత న్యాయస్థానం, సృష్టికర్త నైతిక హక్కు, అంటే తన కృతిని మార్చి పాడుచేయకుండా అడ్డుకునే హక్కు, ఫ్రాన్సులో తప్పనిసరిగా అమలయ్యే నియమం, విదేశీ చట్టం ఏం చెప్పినా సరే అని తీర్పిచ్చింది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, మీ బొమ్మల్లో ఏవైనా ఉద్యోగంలో ఉండగా గీసినవో, ఎవరైనా డబ్బిచ్చి గీయించుకున్నవో ఉంటే ముందే విడదీసి పెట్టండి. వాటి మీద హక్కు మీదేనని రుజువు చేసే కాగితం దగ్గర ఉంచుకోండి, ఏ దేశపు కోర్టయినా మొదటిరోజే అడిగేది అదే.

ఇక కోర్టు సంగతి. దాదాపు అన్ని చోట్లా చెల్లే నియమం, ప్రతివాది ఇల్లు లేదా సంస్థ ఉన్న చోట దావా వేయొచ్చన్నది. దీనిమీద ఎవరూ అభ్యంతరం చెప్పలేరు. రెండోది, నష్టం జరిగిన చోట. ఇంటర్నెట్‌లో నష్టం ఎక్కడ జరిగింది? ప్రపంచంలో ఎక్కడైనా తెరుచుకునే పేజీకి ప్రతి దేశమూ నష్టం జరిగిన చోటేనా? దీనిమీద ఐరోపా న్యాయస్థానం, అంటే ఐరోపా సమాఖ్య అత్యున్నత కోర్టు, చెప్పిన జవాబు నిదానంగా చదవదగ్గది.

వియన్నాలోని ఒక ఫొటోగ్రాఫర్ తీసిన కట్టడాల ఫొటోలను జర్మనీలోని ఒక సంస్థ తన సైట్‌లో అనుమతి లేకుండా పెట్టింది. సైట్ జర్మనీది, చిరునామా చివర కూడా జర్మనీ కోడే. ఫొటోగ్రాఫర్ వియన్నాలో దావా వేశారు. "మా సైట్ ఆస్ట్రియా వాళ్ళ కోసం కాదు" అని సంస్థ అడ్డుచెప్పింది. 2015లో ఐరోపా న్యాయస్థానం, సైట్ ఆస్ట్రియాను ఉద్దేశించిందా లేదా అన్నది పరిధి దగ్గర అనవసరం, అక్కడ తెరుచుకుంటే చాలు అంది. రెండేళ్ళ ముందు, 2013లో, తన పాటలను సీడీలుగా వేసి ఇంటర్నెట్‌లో అమ్మారని ఫ్రాన్సులోని సంగీతకారుడు వేసిన కేసులోనూ ఇదే మాట. ఇంతవరకు వింటే మీకు సంతోషంగానే ఉంటుంది. కానీ తోక ఉంది: అలా పరిధి దొరికిన కోర్టు తన దేశంలో జరిగిన నష్టానికే పరిహారం ఇప్పించగలదు. వియన్నా కోర్టు ఆస్ట్రియాలో జరిగిన నష్టం లెక్కే చూస్తుంది, జర్మనీలోనూ ఇటలీలోనూ జరిగినదాని జోలికి పోదు. మొత్తం నష్టం ఒకేచోట కావాలంటే ప్రతివాది సొంత గడ్డకే వెళ్ళాలి.

అందుకే "ఇంటి దగ్గర కోర్టు దొరికింది" అని తొందరపడవద్దంటాను. ఇంటి దగ్గర గెలిచేది చిన్న ముక్క కావచ్చు. మీ దేశంలో ఆ పోస్టర్లు ఎన్ని అమ్ముడయ్యాయి? పదో పరకో అయితే ఆ కేసు ఖర్చుకే సరిపోదు.

అమెరికాలో లెక్క వేరు. అక్కడ సైట్ తెరుచుకోవడం చాలదు, ప్రతివాది ఆ గడ్డమీది జనాన్ని కావాలని ఉద్దేశించినట్టు చూపించాలి. అమ్మకాలు, అక్కడికి పంపిన పార్సిళ్ళు, ఆ కరెన్సీలో ధరలు, వాళ్ళ కోసం వేసిన ప్రకటనలు, ఇవీ సాక్ష్యాలు. విదేశీ ప్రతివాదికి ఏ ఒక్క రాష్ట్రంతోనూ తగినంత సంబంధం లేకపోయినా దేశం మొత్తంతో ఉంటే చాలనే ఫెడరల్ నియమం ఒకటుంది, దాన్ని మరవద్దు. ఉల్లంఘన విషయంలోనూ అమెరికా కోర్టులు తమ చట్టాన్ని సరిహద్దు దాటించవు, 1994లో ఒక అప్పీలు కోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. అయితే విదేశీ సర్వర్ నుంచి అమెరికా తెరమీదికి వచ్చిందాన్ని మాత్రం అమెరికాలో జరిగినట్టే చూస్తారు. పోలండ్ ప్రభుత్వ టీవీ సంస్థ తన సైట్‌లో కొన్ని కార్యక్రమాలు అమెరికాలో కనబడకుండా అడ్డుకట్ట వేయాల్సి ఉండగా దాన్ని తీసేసింది. అమెరికాలో వాటి హక్కులు ఒక కెనడా సంస్థవి. 51 ఎపిసోడ్లకు ఒక్కోదానికి 60,000 డాలర్ల చొప్పున పరిహారం పడింది, 2018లో అప్పీలు కోర్టు దాన్ని ఖాయం చేసింది. సర్వర్లూ ఉద్యోగులూ పోలండ్‌లోనే ఉన్నారన్న వాదన నిలవలేదు.

సర్వర్ గురించి నన్ను అడిగినన్ని సార్లు ఇంకే విషయం గురించీ అడగలేదు. దాని మీద అంత బెంగ వద్దండి. వియన్నా కేసులోనే, తప్పు ఎక్కడ మొదలైందన్న ప్రశ్నకు ఐరోపా న్యాయస్థానం ఫొటోలు పెట్టాలని నిర్ణయించి పెట్టిన సంస్థ కార్యాలయం ఉన్న ఊరినే చూపింది, సర్వర్ ఉన్న ఊరిని కాదు. ఫుట్‌బాల్ గణాంకాల డేటాబేస్ మీద 2012లో వచ్చిన తీర్పులోనూ, డేటా పంపిన సర్వర్ ఉన్న దేశమే లెక్క అన్న వాదన ఓడిపోయింది. ఎవరిని ఉద్దేశించి పంపారో ఆ దేశమూ లెక్కలోకి వస్తుందన్నారు. సర్వర్ ఎవరిదో తెలియడం వల్ల ఉపయోగం ఉంది, కానీ అది నోటీసు ఇవ్వడానికి.

భారతదేశ చట్టంలో ఒక ప్రత్యేకత ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టం 62వ సెక్షన్ కింద హక్కుదారు తాను నివసించే లేదా వ్యాపారం చేసే చోటే దావా వేయొచ్చు. 2015లో సుప్రీంకోర్టు దానికి కొంత హద్దు గీసింది. ఇలాంటి సౌకర్యం మీ దేశంలో ఉంటే మంచిదే, కాని అది మీ దేశంలోపలి మాట. మీ కోర్టుకు పరిధి ఉందని మీ చట్టం అన్నంత మాత్రాన ఇంకో దేశపు కోర్టు దాన్ని గౌరవించాలని లేదు.

ఇప్పుడు మూడో ప్రశ్నకు వస్తున్నాం. దీన్ని అర్థం చేసుకోవడానికి 'స్టార్ వార్స్' సినిమాలు తీసిన లూకాస్‌ఫిల్మ్ కేసు చూడండి. ఆ సంస్థ సినిమా సైనికుల హెల్మెట్ల నకళ్ళను ఇంగ్లండ్‌లోని ఒకాయన తయారుచేసి తన సైట్ ద్వారా అమ్మాడు, కొన్ని అమెరికాకూ పంపాడు. లూకాస్‌ఫిల్మ్ అమెరికాలో దావా వేసింది, ఆయన హాజరు కాలేదు, 2 కోట్ల డాలర్లకు ఏకపక్ష తీర్పు వచ్చింది. దాన్ని పట్టుకుని ఇంగ్లండ్ వస్తే అక్కడి కోర్టు అమలుచేయనంది. ఆయన అమెరికాలో లేడు, ఆ కోర్టు పరిధికి ఒప్పుకోనూ లేదు, సైట్ పెట్టి అక్కడివాళ్ళకు అమ్మినంత మాత్రాన అక్కడ ఉన్నట్టు కాదని చెప్పింది. అంత పెద్ద సంస్థ, అంత పెద్ద తీర్పు, వసూలు సున్నా.

అదే కేసులో 2011లో బ్రిటన్ సుప్రీంకోర్టు చెప్పిన ఇంకో మాట మీకు చాలా పనికొస్తుంది. ప్రతివాది ఇంగ్లండ్‌లోనే ఉన్నాడు కాబట్టి, అమెరికాలో జరిగిన ఉల్లంఘనను అమెరికా చట్టం ప్రకారం ఇంగ్లండ్ కోర్టే విచారించవచ్చు అంది. కాపీరైట్‌కు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, దాన్ని ఇచ్చిందీ రద్దుచేయాల్సిందీ ఇంకో ప్రభుత్వమన్న ఇబ్బంది లేదు, కనుక పరదేశపు కాపీరైట్ చట్టాన్ని చదివి తీర్పివ్వడానికి అడ్డు లేదన్నమాట. న్యూయార్క్ ఫెడరల్ కోర్టు 1984లోనే ఇలా విదేశీ కాపీరైట్ చట్టాల కింద వేసిన కేసును విచారణకు తీసుకుంది. అంటే ప్రతివాది ఇంటి కోర్టులో ఒకే దావాలో నాలుగైదు దేశాల నష్టం అడగవచ్చు. ఒక్కో దేశపు చట్టాన్నీ నిపుణుల వాంగ్మూలంతో నిరూపించాలి, ఖర్చవుతుంది. అయినా నాలుగైదు దేశాల్లో నాలుగైదు దావాలకంటే చౌక, పైగా తీర్పు వచ్చిన చోటే వాడి ఆస్తులుంటాయి.

అంతర్జాతీయ ఒప్పందాలు ఈ వసూలు బాధ తీర్చలేదా అంటే, పెద్దగా తీర్చలేదు. విదేశీ తీర్పుల అమలుకోసం 2019లో చేసుకున్న హేగ్ ఒప్పందం 2023లో అమల్లోకి వచ్చింది, కానీ మేధోహక్కుల కేసులను మొత్తంగా బయట పెట్టేసింది. 2005 నాటి హేగ్ ఒప్పందం కాపీరైట్‌ను ఒప్పుకుంటుంది, అయితే ఇద్దరూ ముందే ఫలానా కోర్టు అని రాసుకుని ఉండాలి. దొంగతో మనం ఒప్పందం రాసుకోం కదా. ఆ సైట్‌కు మీరు ఎప్పుడైనా పరిమితంగా లైసెన్సు ఇచ్చి, వాళ్ళు హద్దు మీరి ఉంటే మాత్రం ఆ లైసెన్సు కాగితం తీసి కోర్టు గురించిన క్లాజు వెతకండి, కథ మారిపోతుంది.

కోర్టుకు వెళ్ళకుండా బొమ్మలు దింపించే దారి అమెరికా 1998లో చేసిన డీఎంసీఏ చట్టం. సైట్‌ను తన సర్వర్ల మీద ఉంచే హోస్టింగ్ సంస్థో, అమ్మకాల ప్లాట్‌ఫామో అమెరికాది అయితే మీరు ఏ దేశంలో ఉన్నా బొమ్మలు తీసేయమని దానికి నోటీసు పంపవచ్చు. ఖర్చు లేదు, పనీ చేస్తుంది. కానీ అవతలివాడు తిరుగు నోటీసు ఇవ్వవచ్చు. ఇస్తే, ఆ ప్లాట్‌ఫామ్ 10 నుంచి 14 పనిదినాల్లో బొమ్మల్ని మళ్ళీ పెట్టేస్తుంది, ఈలోపు మీరు దావా వేసినట్టు చూపిస్తే తప్ప. ఇందులో మీకు అనుకూలమైన సంగతి చాలామంది గమనించరు. తిరుగు నోటీసు ఇచ్చేవాడు అమెరికా ఫెడరల్ కోర్టు పరిధికి ఒప్పుకుంటున్నానని సంతకం పెట్టాలి. విదేశంలో ఉన్నవాడైతే ఆ ప్లాట్‌ఫామ్ ఉన్న జిల్లా కోర్టుకు ఒప్పుకున్నట్టు. అంతవరకు మీకు అందని మనిషి తన చేత్తోనే మీకు ఒక కోర్టు రాసిచ్చాడన్నమాట. ఆ కాగితాన్ని జాగ్రత్తగా దాచండి. మీ నోటీసులోనూ తెలిసి అబద్ధం రాస్తే పరిహారం మీరే కట్టాల్సివస్తుంది కాబట్టి మీవి అని ఖాయమైన బొమ్మలకే పంపండి.

అమెరికా దావా వైపు మొగ్గితే ఒక మాట. అమెరికా కృతులకు, అంటే ముఖ్యంగా తొలిసారి అక్కడ ప్రచురించినవాటికి, రిజిస్ట్రేషన్ పూర్తయితే గాని దావా వేయలేరని అక్కడి సుప్రీంకోర్టు 2019లో ఖాయం చేసింది. విదేశీ కృతులకు ఆ షరతు లేదు. ఇంటర్నెట్‌లో పెట్టగానే అన్ని దేశాల్లో ఒకేసారి ప్రచురించినట్టు, కాబట్టి ఇదీ అమెరికా కృతే అని ప్రతివాదులు వాదిస్తారు. స్వీడన్ ఫొటోగ్రాఫర్ కేసులో 2009లో డెలావేర్ కోర్టు ఆ వాదన తోసిపుచ్చింది, జర్మనీ సైట్‌లో పెట్టిన ఫొటో అమెరికా కృతి అయిపోదంది. అయినా రిజిస్టర్ చేసుకోమనే నా సలహా. చట్టం నిర్ణయించిన పరిహారం, అంటే ఒక్కో కృతికి 750 నుంచి 30,000 డాలర్లు, కావాలని చేసినదైతే 1,50,000 దాకా, లాయరు ఖర్చులు, ఇవి దక్కాలంటే ఉల్లంఘన మొదలుకాకముందే, లేదా తొలి ప్రచురణ జరిగిన 3 నెలల్లోపు రిజిస్టర్ అయి ఉండాలి. ఈ షరతు విదేశీయులకూ వర్తిస్తుంది. ఇప్పటికే కాపీ అయిన బొమ్మలకు ఆలస్యమై ఉండవచ్చు, రేపు గీసేవాటికి కాలేదు. దావా గడువు అక్కడ 3 ఏళ్ళని కూడా గుర్తుంచుకోండి.

మీ స్థానంలో ఉంటే ఈ వారం నేను చేసేది ఇది. నోటీసు పంపకముందే ప్రతి పేజీనీ తేదీ, చిరునామా కనబడేలా భద్రపరుస్తాను, నోటీసు అందగానే పేజీలు మాయమవుతాయి. రెండుమూడు దేశాల్లో ఉన్న మిత్రులచేత ఒక్కో పోస్టరు కొనిపించి రసీదు, పార్సిల్ కవరు, బ్యాంకు పద్దు దాస్తాను, ఏ దేశాన్ని ఉద్దేశించి అమ్ముతున్నాడో అవే చెబుతాయి. డబ్బు ఏ పేరుతో, ఏ దేశపు ఖాతాకు చేరుతోందో చూస్తాను. ఆ తర్వాతే డీఎంసీఏ నోటీసు. ఆ డబ్బు చేరే దేశంలో కాపీరైట్ కేసులు నడిపే ఒక లాయరుతో ఒక గంట మాట్లాడతాను, నా ఊరి లాయరుతో మాట్లాడేకంటే ముందే.

ఖాతా ఏ దేశంలో ఉందో, బొమ్మలు తొలిసారి మీరు ఎక్కడ, ఎప్పుడు పెట్టారో తెలిశాక చెప్పండి. ఏ కోర్టు అన్నది అప్పుడు ఇంకా కచ్చితంగా చెప్పగలను.